పచ్చి వీగన్ "చేప": గింజల ముద్దా, లేత కొబ్బరా, బొప్పాయా? ఏది మేలు?

పొయ్యి వెలిగించకుండా, పాలూ గుడ్లూ తగలకుండా చేప వంటకానికి బదులు చేయాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఏ చేప వంటకం అన్నది. డబ్బా ట్యూనాతో చేసే సలాడ్‌లో నోటికి తెలిసేది పొడిపొడిగా విడిపోయే కండ. పచ్చి చేపను నిమ్మరసంలో కలిపి పెరూ వాళ్లు చేసే సెవిచేలో పులుపు పట్టిన మెత్తటి బిగువు. పొగబెట్టిన సాల్మన్‌లో నూనె జిడ్డుతో నాలుక మీద జారే పల్చటి పొర. ఈ మూడూ ఒకే పదార్థంతో రావు. ట్యూనాకు గింజలు, సెవిచేకు లేత కొబ్బరి, సాల్మన్‌కు బొప్పాయి లేదా క్యారెట్ నప్పుతాయి. మొదటిసారి చేసేవాళ్లు ఒక్కటే ఎంచుకోవాలంటే గింజల ముద్దతో మొదలుపెట్టండి. కొలత అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది, కడుపూ నిండుతుంది.

ఇక్కడ పచ్చి అంటే ఏ దశలోనూ వేడి 42–48 డిగ్రీల సెల్సియస్ దాటనిది. ఈ పద్ధతి పాటించేవాళ్లలోనే కొందరు 42 దగ్గర, కొందరు 48 దగ్గర గీత గీస్తారు. మిక్సీని ఆపకుండా రెండు మూడు నిమిషాలు తిప్పినా జార్ వేడెక్కుతుంది కాబట్టి ఆపి ఆపి తిప్పడం మంచిది.

సముద్రపు వాసన ఎక్కడి నుంచి?

మూడింటికీ ఉమ్మడిగా కావాల్సింది ఇదే. చాలామంది నల్ల ఉప్పు వేసి చూస్తారు. అది గంధకపు వాసన, దాంతో వచ్చేది గుడ్డు రుచి, చేప రుచి కాదు. చేప అనిపించే వాసనకు దగ్గరి దారి సముద్రపు నాచు. సూషీకి వాడే నోరి షీట్లు పెద్ద సూపర్ మార్కెట్లలోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. ఒక షీటు రెండున్నర నుంచి మూడు గ్రాములు ఉంటుంది. ఆకుపచ్చగా మెరిసేవి కాల్చినవి. పచ్చివి నలుపు కలిసిన ఊదారంగులో ఉంటాయి. నియమం గట్టిగా పాటించేవాళ్లు ప్యాకెట్ మీద చూసి కొనాలి.

నోరిని ముక్కలుగా చించి మిక్సీ చిన్న జార్‌లో పొడి చేసుకోండి. గాలి తేమ తగిలిందంటే తోలులా సాగుతుంది, పొడి అవదు. కోస్తా ఊళ్లలో వానాకాలంలో ఇది తప్పదు. ప్యాకెట్ తెరిచిన వెంటనే మిగతా షీట్లను, లోపల ఉండే తేమ పీల్చే చిన్న సంచితో సహా, గాలి చొరని డబ్బాలోకి మార్చాలి.

నోరి బదులు కెల్ప్ అనే మరో రకం సముద్రపు నాచు పొడి వాడితే చిటికెడు దాటకూడదు. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. కెల్ప్‌లో ఒక్క గ్రాములోనే దానికి ఎన్నో రెట్లు ఉండొచ్చు. థైరాయిడ్ మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా కెల్ప్ జోలికి పోవద్దు. ఇంటి వంటకు నోరి చాలు.

ట్యూనా బదులు గింజల ముద్ద

పొట్టు తీసిన పొద్దుతిరుగుడు పప్పు 100 గ్రాములు, బాదం 50 గ్రాములు. నానబెట్టే ముందు రెండు గింజలు నమిలి చూడండి. పాత నూనె కంపు, గొంతులో చేదు తగిలితే ఆ ప్యాకెట్ వద్దు. నిమ్మరసం ఎంత పోసినా ఆ చేదు దాగదు. రెండూ విడివిడిగా నానాలి. పప్పుకు నాలుగు నుంచి ఆరు గంటలు, బాదంకు ఎనిమిది గంటలు. ఎండాకాలంలో బయట నానబెడితే నీళ్ల మీద నురగ, పుల్లటి వాసన వస్తాయి. అలా వచ్చినవి పారేయాల్సిందే. ఏప్రిల్, మే నెలల్లో గిన్నెను ఫ్రిజ్‌లోనే పెట్టండి.

తరువాతి పని చిన్నదే గానీ ఫలితమంతా దాని మీదే ఉంది. నీళ్లు వంపి, గింజల్ని కడిగి, బాదం పొట్టు తీసి, పొడి గుడ్డ మీద పావుగంట ఆరబెట్టాలి. తడి ఉన్న గింజలు మిక్సీలో పొడిపొడిగా రావు, ముద్దగా నలిగిపోతాయి. మెత్తగా నలిగినది పచ్చడి అవుతుంది, ట్యూనా అవదు. మిక్సీని పల్స్ వైపు తిప్పి, ఒక్కో సెకను చొప్పున ఆరేడుసార్లు కొట్టండి. మధ్యలో రెండుసార్లు గరిటెతో అంచులు గీకండి. చుక్క నీరు పోయవద్దు. బొంబాయి రవ్వ అంత పలుకు, మధ్యమధ్య కాస్త పెద్ద ముక్కలు ఉన్నప్పుడు ఆపేయాలి.

ట్యూనా సలాడ్‌లో మయొనీజ్ చేసే పని కోసం ఈ పలుకులోంచే మూడు టేబుల్ స్పూన్లు తీసి, 30 మిల్లీలీటర్ల నిమ్మరసంతో వెన్నలా రుబ్బి తిరిగి కలపండి. చాలా వంటకాల్లో దీనికి జీడిపప్పు వాడమంటారు. బజార్లో "పచ్చి" అని అమ్మే జీడిపప్పు సాధారణంగా పెంకు తీయడానికి ఆవిరి పట్టినదే. నియమం కోసం చేసేవాళ్లు అది గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు సన్నగా తరిగిన ఉల్లిపాయ 30 గ్రాములు, క్యాబేజీ కాడ లేదా సెలరీ 40 గ్రాములు, ఉప్పు అర టీస్పూను, ఒక నోరి షీటు పొడి, తరిగిన సోయకూర రెండు టేబుల్ స్పూన్లు కలపాలి. సోయకూర తెలంగాణ సంతల్లో కట్టలుగా దొరుకుతుంది. యూరప్‌లో చేపతో వేసే డిల్ ఇదే జాతిది కాబట్టి ఈ ముద్దకు దీనికంటే నప్పే ఆకు లేదు. ఘాటు కావాలంటే అర టీస్పూను ఆవపిండిని రెండు చెంచాల నీళ్లలో పది నిమిషాలు ఉంచి, అందులోంచి కొంచెం వేయండి. ఊరవేసిన పచ్చి మిరియాలు ఉంటే ఐదారు గింజలు నలిపి వేస్తే కేపర్ల (యూరప్‌లో చేపతో వేసే ఊరవేసిన పూమొగ్గల) లోటు తీరుతుంది. కీరా మాత్రం వద్దు. గంటలో నీరు వదిలి ముద్దను జారుగా చేస్తుంది.

కలిపిన వెంటనే రుచి చూసి నోరి చాలలేదని ఇంకో షీటు వేయడం ఎక్కువమంది చేసే పొరపాటు. నాచు నాని వాసన విడవడానికి కనీసం గంట పడుతుంది. ఫ్రిజ్‌లో గంట ఉంచి అప్పుడు చూడండి. రెండు షీట్లు వేసిన ముద్ద మర్నాటికి చేదెక్కుతుంది. పైభాగం బూడిదరంగుకు తిరిగితే భయపడక్కర్లేదు. పొద్దుతిరుగుడు పప్పులోని క్లోరోజెనిక్ ఆమ్లం గాలి తగిలి రంగు మారడం అది. పైన కాస్త నిమ్మరసం పూసి మూత బిగిస్తే తగ్గుతుంది.

బాదం పాలు తీసే ఇళ్లలో పిప్పి మిగులుతుంది. పైన చెప్పిన 50 గ్రాముల బాదం బదులు, గుడ్డలో గట్టిగా పిండిన ఆ పిప్పి వేస్తే పొడిపొడితనం ఇంకా బాగుంటుంది. కొవ్వు చాలావరకు పాలలోకి పోయి ఉంటుంది కాబట్టి అది ముద్ద కట్టదు. అక్రోట్లతోనూ చేయొచ్చు గానీ రంగు ముదురుగా వస్తుంది, పొట్టు వగరు నాచు రుచిని కప్పేస్తుంది.

సెవిచే బదులు లేత కొబ్బరి

పెరూలో సెవిచే అంటే పచ్చి చేప ముక్కల్ని నిమ్మరసంలో కలిపి తినేది. 2023లో యునెస్కో దాన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ నిమ్మరసంలోని ఆమ్లం చేప మాంసకృత్తుల నిర్మాణాన్ని మార్చి ముక్కను తెల్లగా, గట్టిగా చేస్తుంది. కొబ్బరిలో అలాంటి మార్పేమీ జరగదు. కాబట్టి నాలుగు గంటలు నానబెట్టడం వల్ల ఒరిగేది లేదు. ఉప్పుకు నీరు ఊరుతుంది, ఉల్లిపాయ మెత్తబడుతుంది. ఇరవై నిమిషాలు చాలు.

ఇందులో అసలు కష్టం కాయను ఎంచడం. బొండాల బండి దగ్గర "కొబ్బరి ఉన్న కాయ" అని అడిగితే రెండు రకాలు రావొచ్చు. చెంచాతో గీకితే జారిపోయే మీగడ లాంటిది పనికిరాదు. తురమడానికి తగినంత ముదిరినది అసలే వద్దు. వంచితే వంగి, పంటి కింద కొద్దిగా సాగే కొబ్బరి, నాలుగైదు మిల్లీమీటర్ల మందం ఉన్నది కావాలి. 200 గ్రాముల కోసం సాధారణంగా మూడు నాలుగు బొండాలు కొట్టించాలి. ఖర్చులో గింజల ముద్దకు ఇది ఓడేది ఇక్కడే. కొట్టిన రోజే తినేయాలి. గులాబీ రంగు తిరిగిన కొబ్బరి పారేయండి.

కొబ్బరిని వేలెడు వెడల్పు ముక్కలుగా కోసి, అందులోంచి 30 గ్రాములు పక్కన పెట్టండి. ఆ 30 గ్రాములను 60 మిల్లీలీటర్ల నిమ్మరసం, అర టీస్పూను అల్లం, ఒక చిన్న వెల్లుల్లి రెబ్బ, కొత్తిమీర కాడలు, అర టీస్పూను ఉప్పుతో మెత్తగా రుబ్బి వడకట్టాలి. పెరూ వాళ్లు లెచే దె టిగ్రే అనే పులుపు రసానికి ఇది బదులు. ఇది లేకుండా ఉత్త నిమ్మరసం పోస్తే వచ్చేది కొబ్బరి సలాడే. ఉల్లిపాయను పల్చటి చీలికలుగా కోసి చల్లటి నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి పిండి వేయండి. పచ్చిమిర్చి ఒకటి, పావు షీటు నోరి చాలు.

వేసవిలో తాటి ముంజలు దొరికినప్పుడు కొబ్బరి పక్కన పెట్టేయండి. పైపొర తీసి, లోపలి నీళ్లు వంపేసి, నాలుగు చీలికలుగా కోసిన ముంజ పులుపు రసంలో వేస్తే స్కాలప్‌కు (మెత్తటి తెల్ల కండ ఉండే సముద్రపు ఆల్చిప్పకు) ఇంతకంటే దగ్గరి పచ్చి పదార్థం మన ప్రాంతంలో లేదు. మరీ లేతవి చెదిరిపోతాయి, ముదిరినవి రబ్బరులా సాగుతాయి. పది నిమిషాల్లో తినేయాలి.

సెవిచేకు పచ్చి పుట్టగొడుగులు వాడమనే వంటకాలు చాలా కనిపిస్తాయి. బిగువు నిజంగానే బాగుంటుంది. అయినా అవి వద్దనే చెప్పాలి. షిటాకే రకం పుట్టగొడుగులు పచ్చిగా తిన్న కొందరికి ఒంటి మీద కొరడా దెబ్బల్లాంటి దద్దుర్లు వస్తాయి. బటన్ పుట్టగొడుగుల్లో ఉండే అగరిటిన్ అనే, హాని చేయొచ్చని అనుమానించే పదార్థం వండితే తగ్గుతుంది, నిమ్మరసంలో నానబెట్టడం వండటంతో సమానం కాదు.

సాల్మన్ బదులు: క్యారెట్, దోర బొప్పాయి

చూడ్డానికి మూడింటిలో ఇదే అందంగా ఉంటుంది, రుచిలో ఇదే బలహీనం. పేరున్న క్యారెట్ సాల్మన్ వంటకాలన్నీ దాదాపుగా క్యారెట్‌ను ఓవెన్‌లో కాల్చినవే. ఆ మెత్తదనం అక్కడి నుంచి వస్తుంది. పచ్చి క్యారెట్‌ను ఎన్ని గంటలు నానబెట్టినా కరకర వదలదు. దీనికి ఒక ఉపాయం ఉంది. పీలర్‌తో తీసిన 200 గ్రాముల క్యారెట్ పొరలకు ఒక టీస్పూనుకు కాస్త తక్కువ ఉప్పు పట్టించి, అరగంట తర్వాత పిండి, ఒక రాత్రి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. మంచు పలుకులు కణాల గోడల్ని చీలుస్తాయి. కరిగాక పొర మెత్తగా వాలిపోతుంది. మళ్లీ పిండి, ఒక టేబుల్ స్పూను నువ్వుల నూనె, ఒకటి నిమ్మరసం, అర షీటు నోరి పొడి, సోయకూర కలిపి ఫ్రిజ్‌లో పన్నెండు గంటలు ఉంచాలి.

దోర బొప్పాయికి ఇంత శ్రమ లేదు. రంగు తిరిగి ఇంకా గట్టిగా ఉన్న కాయను పల్చగా కోస్తే ఆ జారుడుతనం దానంతట అదే ఉంటుంది. తీపే దీని లోపం. పండిపోయినదైతే ఏం చేసినా పండు రుచే. ఉప్పు, నిమ్మ కొంచెం ఎక్కువ వేసి రెండు గంటలు మాత్రమే ఉంచండి, ఆ పైన చెదిరిపోతుంది. దోరకాయలో ఇంకా పాలు ఉంటాయి కాబట్టి గర్భిణులు, రబ్బరు పాలు పడనివాళ్లు క్యారెట్‌కే పరిమితం కావాలి.

పొగ లేకపోతే రెండూ సాల్మన్ అనిపించవు. బిర్యానీకి చేసినట్టే ముక్కల గిన్నె మధ్య చిన్న కటోరీలో రాజుకున్న బొగ్గు పెట్టి, రెండు చుక్కల నూనె వేసి, మూత బిగించాలి. మూడు నిమిషాలు. ముక్క ఉడకదు, పొగ నూనెకు పడుతుంది. ఐదు నిమిషాలు దాటితే చేదు.

ఇక మన చేపల పులుసు ఈ పద్ధతిలో రాదు. ఆ రుచి చింతపండు పులుసు, ఉల్లిపాయ, మెంతులు కలిసి నూనె తేలేదాకా మరగడంలో ఉంది. పచ్చి చింతపండు రసంలో కొబ్బరి ముక్కలు వేస్తే అది పచ్చిపులుసు అవుతుంది. బాగానే ఉంటుంది, కానీ పేరు మార్చి వడ్డించడం న్యాయం.

పోషకాల లెక్కలో

పొద్దుతిరుగుడు పప్పులో వంద గ్రాములకు దాదాపు 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, కొవ్వు 50 గ్రాముల దాకా ఉంటుంది. క్యారెట్‌లో మాంసకృత్తులు ఒక గ్రాము చుట్టూనే. లేత కొబ్బరిలోనూ తక్కువే. భోజనంలో చేప స్థానంలో నిలబడగలిగేది గింజల ముద్ద ఒక్కటే. మిగతా రెండూ పక్కన వడ్డించేవి.

ఒమేగా-3 కోసం ఒక టేబుల్ స్పూను అవిసె గింజల పొడి ముద్దలో కలపొచ్చు. అయితే ఒమేగా-3లో రకాలున్నాయి: అవిసెలో ఉన్నది ఎ.ఎల్.ఎ., చేపలో ఉండేవి ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. మన శరీరం మొదటిదాన్ని మిగతా రెంటిగా మార్చుకోవడం చాలా తక్కువ. నేరుగా కావాలంటే నాచు నుంచి తీసిన నూనె గుళికలు దొరుకుతాయి. బి12 విషయంలో నోరిని నమ్ముకోవద్దు. పూర్తిగా వీగన్ ఆహారం తినేవాళ్లు బి12 మాత్ర తీసుకోవాల్సిందే. పిల్లలకు ఈ భోజనం అలవాటు చేసేవాళ్లు మోతాదును డాక్టర్‌తో ముందే మాట్లాడుకోవాలి.