ర్యాలీ తీయడమా, తలుపు తట్టడమా: పెళ్లి హక్కు ప్రచారానికి ఏది మేలు?

స్వలింగ జంటలకు పెళ్లి హక్కు కావాలని ప్రచారం మొదలుపెట్టే కుర్రకారు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. మనుషులు పిడికెడు, డబ్బులు అంతకన్నా తక్కువ. ఉన్నదంతా ఒక పెద్ద ర్యాలీకి పెట్టాలా, వాలంటీర్లను ఇంటింటికీ పంపాలా? దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. కోర్టులో కేసు గెలిస్తే ఇవన్నీ ఎందుకని.

కోర్టు సంగతి ముందు ముగిద్దాం. కోర్టు దారి ప్రచారం చేసేవాళ్ల చేతిలో ఉండదు. అమెరికా సుప్రీంకోర్టు 2015 జూన్ 26న 5-4 తేడాతో అవునంది. మన సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న, పెళ్లి ప్రాథమిక హక్కు కాదు, చట్టం సంగతి పార్లమెంటు చూసుకోవాలంది. గెలిచినా నిలుస్తుందన్న భరోసా లేదు. కాలిఫోర్నియాలో 2008 మేలో రాష్ట్ర సుప్రీంకోర్టు పెళ్లిళ్లకు దారి తెరిస్తే, నవంబరులో జనం ఓటేసి మూసేశారు. కేసు నడుస్తున్నా, గెలిచినా, ఓడినా, జనం దగ్గరికి వెళ్లక తప్పదు. ఎలా వెళ్లాలన్నదే ప్రశ్న.

నా మొగ్గు తలుపు తట్టే వైపే, ముందే చెప్పేస్తున్నా. అలాగని ర్యాలీని తీసిపారేయను. తనలాంటి వాళ్లు ఇంకెవరూ లేరని కుమిలిపోయే ఇరవై ఏళ్ల అమ్మాయికి ఒక్క మధ్యాహ్నంలో వేలమంది కనిపిస్తారు. ఆ పని ఇంటింటి ప్రచారం చేయలేదు. బిల్లు మీద ఓటు వేయబోతున్న ప్రజాప్రతినిధికి కూడా రోడ్డు మీది జనం ధైర్యమిస్తారు. 2019 మే 17న తైవాన్ పార్లమెంటు ఓటింగ్ జరుపుతుంటే బయట వేలాది మంది వానలో నిలబడ్డారు. అలాంటి రోజున వెళ్లి తలుపులు తట్టమని నేనూ చెప్పను.

అయితే అదే తైవాన్‌లో అంతకు కొన్ని నెలల ముందు జరిగింది కూడా చూడాలి. 2018 అక్టోబరు చివర్లో తైపేలో జరిగిన ప్రైడ్ మార్చ్‌కు, అంటే స్వలింగ ప్రేమికులూ వాళ్ల మద్దతుదారులూ కలిసి చేసే ఊరేగింపుకు, లక్ష మందికి పైగా వచ్చారు. ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. నెల తిరగకుండానే, నవంబరు 24న, రిఫరెండం (జనం నేరుగా ఓటేసే ప్రజాభిప్రాయ సేకరణ) పెట్టారు. పౌర చట్టంలో పెళ్లి అంటే ఆడ, మగ మధ్యే ఉండాలన్న ప్రతిపాదనకు 70 శాతానికి పైగా ఓటర్లు సరేనన్నారు. స్వలింగ పెళ్లిళ్లకు దారి తెరవాలని 2017లోనే రాజ్యాంగ న్యాయస్థానం రెండేళ్ల గడువు పెట్టి ఉండబట్టి చట్టం వచ్చింది, అదీ పౌర చట్టాన్ని ముట్టుకోకుండా విడిగా. రోడ్డు మీదికొచ్చిన ఆ లక్ష మందీ అప్పటికే మనవాళ్లు. వాళ్లను చూసి ఇంట్లో కూర్చున్నవాళ్లు మనసు మార్చుకోలేదు. ఫ్రాన్స్‌లోనైతే 2013లో వ్యతిరేకులే రోడ్లు నింపేశారు. పార్లమెంటులో మెజారిటీ ఉంది కాబట్టి బిల్లు గట్టెక్కింది. రోడ్డు మీద తలలు లెక్కపెట్టి ఫలితం చెప్పలేమని రెండు దేశాల్లోనూ తేలింది.

నా లెక్కలో తేల్చేది ఒక్కటే. ఇంకా ఎటూ తేల్చుకోని మనిషికి తన సందేహం నోరు విప్పి చెప్పుకునే చోటు దొరుకుతోందా, లేదా? ర్యాలీ వెళ్తుంటే ఆ మనిషి పక్కన నిలబడి చూస్తాడు, అంతే. గుమ్మం దగ్గరైతే మాట్లాడేది అతనే.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రం కథ నాకు అందుకే ఇష్టం. 2009లో అక్కడి చట్టసభ పెళ్లి హక్కు బిల్లును ఆమోదించింది, గవర్నరు సంతకం పెట్టాడు. నవంబరులో జనం సుమారు 53 శాతం ఓట్లతో దాన్ని కొట్టేశారు. మూడేళ్ల తర్వాత, 2012 నవంబరులో, అదే జనం సుమారు 53 శాతంతో అవునన్నారు. అప్పటిదాకా 30కి పైగా రాష్ట్రాల్లో ఓటింగ్ పెట్టిన ప్రతిచోటా దాదాపు ఓటమే. ఘనతంతా ఇంటింటి ప్రచారానిదే అనను. అది అధ్యక్ష ఎన్నికల ఏడాది, ఆ మేలోనే ఒబామా బాహాటంగా మద్దతు ప్రకటించాడు. కానీ ఆ మూడేళ్లూ వాలంటీర్లు ఖాళీగా కూర్చోలేదు. ఇళ్లకు వెళ్లారు, మాట్లాడారు, మాట తీరే మార్చుకున్నారు.

మాట తీరు అంటున్నది ఇందుకు. అమెరికాలో ప్రచారకర్తలు చేయించిన సర్వేల్లో ఒక విచిత్రం బయటపడింది. మీరు పెళ్లెందుకు చేసుకున్నారని అడిగితే జనం ప్రేమ, జీవితాంతం తోడు అని చెప్పేవాళ్లు. మరి గే జంటలు ఎందుకు చేసుకోవాలనుకుంటున్నారంటే హక్కుల కోసం, ప్రయోజనాల కోసం అనేవాళ్లు. జనాన్ని తప్పుపట్టలేం. ఏళ్ల తరబడి కరపత్రాల్లో పన్ను రాయితీ, వారసత్వం, ఆసుపత్రి సంతకం అనే రాశాం, వాళ్లు మనకే తిరిగి అప్పజెప్పారు! హక్కులు అక్కర్లేదని కాదు. కోర్టులో వకీలు మాట్లాడాల్సింది హక్కుల గురించే. గుమ్మం దగ్గర మాత్రం, మేమిద్దరం ఎందుకు కలిసి బతకాలనుకుంటున్నామో చెబితేనే వినే మనిషి తన పెళ్లితో పోల్చి చూసుకోగలడు.

లాస్ ఏంజిలెస్ ఎల్‌జీబీటీ సెంటర్‌లో డేవ్ ఫ్లైషర్ బృందం ఇంకో అడుగు వేసింది. 2008 కాలిఫోర్నియా ఓటమి తర్వాత, తమకు వ్యతిరేకంగా ఓటేసిన పేటలకే వెళ్లి ఎందుకలా ఓటేశారని అడిగింది. అడిగాక వాదించకుండా వినడం వాళ్ల పద్ధతి. ఎదుటి మనిషిని తనకు తెలిసిన గే, లెస్బియన్ మనుషుల గురించి, తన సొంత పెళ్లి గురించి చెప్పనిచ్చి, ఆ తర్వాత తమ కథ చెప్పేవాళ్లు. ఎక్కువసార్లు పైకి తేలే భయం పిల్లల గురించే. కాలిఫోర్నియాలో వ్యతిరేకులు వేసిన టీవీ యాడ్‌లో ఒక చిన్నపాప బడి నుంచి వచ్చి, రాజకుమారుడు రాజకుమారుణ్ణి పెళ్లి చేసుకోవచ్చని నేర్చుకున్నానని అమ్మకు చెబుతుంది. ఆ భయానికి ప్లకార్డు మీద జవాబు రాయలేం.

ఈ పద్ధతిని మరీ నెత్తికెత్తుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. గే వాలంటీరు ఇరవై నిమిషాలు మాట్లాడితే స్వలింగ వివాహం మీద ఓటరు అభిప్రాయం నెలల తరబడి మారి ఉంటుందని 2014 డిసెంబరులో ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఆరు నెలలైనా కాకముందే, 2015 మేలో, పత్రిక దాన్ని వెనక్కి తీసుకుంది. డేటా నమ్మదగ్గది కాదు! లోపాలు బయటపెట్టిన డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా తర్వాత మయామీలో ట్రాన్స్‌జెండర్ల హక్కులపై ఇంటింటి సంభాషణలను నిజంగానే పరీక్షించారు. సుమారు పది నిమిషాల మాటల ప్రభావం కనీసం మూడు నెలలు నిలిచిందని 2016లో ప్రచురించారు. అది పెళ్లి గురించి కాదు కాబట్టి అంకెల్ని ఇక్కడికి ఎత్తుకురాకూడదు. కానీ అందులో నాకు బాగా నచ్చిన సంగతి వేరే ఉంది. మాట్లాడింది ట్రాన్స్‌జెండర్ వాలంటీరైనా కాకపోయినా పద్ధతి పనిచేసింది.

అది ఎందుకు ముఖ్యమంటే, తలుపు తట్టడంలో అసలు ఖరీదు అక్కడే ఉంది. తన బతుకు సరైనదేనా అని ముక్కూమొహం తెలియని వాళ్లతో సాయంత్రమంతా మాట్లాడి రావడం చిన్న టెన్షన్ కాదు. ఆస్ట్రేలియాలో పెళ్లి హక్కుపై 2017లో జనం అభిప్రాయం పోస్టులో అడిగిన సర్వేలో 61.6 శాతం అవునన్నారు. సంతోషమే. కానీ ఆ వారాలన్నీ తమ కుటుంబాల గురించి ఊరంతా తీర్పులు చెబుతుంటే విన్నవాళ్లను అడిగితే ఆ గెలుపు ఎంత చేదుగా ఉందో చెబుతారు. అందుకే గే వాలంటీరును ఒంటరిగా పంపొద్దంటాను. తలుపులు తట్టే పనిలో ఎక్కువ వాటా అక్కలు, తమ్ముళ్లు, అమ్మానాన్నలు, స్నేహితులు తీసుకోవాలి. ఐర్లండ్‌లో మాజీ అధ్యక్షురాలు మేరీ మెకలీస్ గే కొడుకున్న తల్లిగానే మాట్లాడారు. 1993 దాకా మగవాళ్ల మధ్య స్వలింగ సంబంధమే నేరమైన ఆ దేశం 2015 మే 22న రిఫరెండంలో 62 శాతంతో అవునంది. 43 నియోజకవర్గాల్లో ఒక్కటే కాదంది. ఇళ్లలో ముసలివాళ్లతో పిల్లలు కూర్చుని మాట్లాడకపోతే పల్లెల్లో అన్ని ఓట్లు వచ్చేవి కావని నా నమ్మకం.

కాబట్టి నన్నడిగితే, బిల్లు ఓటింగు పది రోజుల్లో ఉంటే ర్యాలీ పెట్టండి. ఏడాదో రెండేళ్లో టైముంటే డబ్బు వాలంటీర్ల శిక్షణకు పెట్టండి. అందులోనూ సగం శిక్షణ నోరు మూసుకుని వినడానికే కేటాయించండి, మనవాళ్లకు కష్టమైంది అదే.

టీవీ యాడ్లు డబ్బుంటే వేయొచ్చు, కానీ నటుల బదులు నిజమైన జంటలనూ వాళ్ల తల్లిదండ్రులనూ చూపించండి. సినిమావాళ్ల ట్వీట్లు వస్తే మంచిదే, రాకపోతే వెంటపడొద్దు. ఆన్‌లైన్ సంతకాల వల్ల చట్టం మారడం నేను చూడలేదు. అయితే ఆ ఫారంలో ఫోన్ నంబరు ఇచ్చి, పిలిస్తే వస్తామన్నవాళ్లకు మాత్రం మర్నాడే ఫోన్ చేయండి, తలుపులు తట్టడానికి మనుషులు అక్కడ దొరుకుతారు.