డ్రెయిన్ మోటారు కొనే ముందు: బెంగళూరులో టాప్‌లోడ్ వాషింగ్ మెషీన్ స్పేర్ల మీద సమీక్ష

స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్లి "నీళ్లు పోవడం లేదు" అనగానే కౌంటర్ మీదకి వచ్చేది డ్రెయిన్ మోటారు. "నీళ్లు నిండటం లేదు" అంటే ఇన్‌లెట్ వాల్వ్. అవి మంచి సరుకే అయినా, మీ మెషీన్‌లో పాడైంది అవేనా అన్నది కౌంటర్ దగ్గర తేలదు. ఇంట్లో పావుగంట చూస్తే తేలుతుంది. అందుకే ఇక్కడ ప్రతి స్పేర్ గురించీ రెండు మాటలు చెబుతున్నాం: అది అవసరమని ఎలా తెలుసుకోవాలి, లోకల్ సరుకు సరిపోతుందా లేదా. ఇదంతా బెల్ట్‌తో నడిచే 6 నుంచి 8 కిలోల ఫుల్లీ ఆటోమేటిక్ మెషీన్ల గురించి. డైరెక్ట్ డ్రైవ్ ఇన్వర్టర్ మోటారు ఉన్నవాటిలో బెల్టూ, మోటారు తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటరూ ఉండవు, మిగతాది వాటికీ వర్తిస్తుంది. ఏది విప్పినా ముందు ప్లగ్ తీసేయాలి. స్విచ్ ఆపితే చాలదు.

ఇన్‌లెట్ వాల్వ్‌తో మొదలుపెడదాం. ఎల్‌జీలో ఐఈ, శాంసంగ్‌లో 4సీ లేదా 4ఈ కోడ్ వస్తే నీళ్లు కావలసిన వేగంతో నిండటం లేదని అర్థం. అంతమాత్రాన వాల్వ్ పోయినట్టు కాదు. కుళాయి కట్టేసి, మెషీన్ వెనక హోస్ విప్పితే వాల్వ్ మూతిలో చిన్న ప్లాస్టిక్ జల్లెడ కనిపిస్తుంది. సన్న మూతి ప్లయర్‌తో లాగితే ఊడి వస్తుంది. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాడే మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో అది ఇసుకతో, గారతో మూసుకుపోవడం మామూలే. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, గార ఉంటే నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్లలో అరగంట వేసి, తిరిగి పెట్టండి. జల్లెడ లేకుండా మాత్రం నడపొద్దు. ఒక్క ఇసుక రేణువు లోపలి రబ్బరు డయాఫ్రమ్ కింద ఇరుక్కుంటే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, మెషీన్ ఆపి ఉన్నా టబ్‌లోకి నీళ్లు కారుతూనే ఉంటాయి.

జల్లెడ శుభ్రంగా ఉన్నా నిండకపోతే హోస్ కొసని పది లీటర్ల బకెట్‌లో పెట్టి కుళాయి తిప్పండి. బకెట్ నిండటానికి ఐదు నిమిషాలు పడితే యాభై లీటర్లకి ఇరవై ఐదు నిమిషాలు కావాలి, ఎర్రర్ రావడంలో వింతేమీ లేదు. పై అంతస్తు ఇళ్లలో ఇది ఎక్కువ. ట్యాంకులో నీటి మట్టం కుళాయి కన్నా మూడు మీటర్లే ఎత్తులో ఉంటే ప్రెషర్ 0.3 బార్ మాత్రమే. మీ మోడల్‌కి కనీసం ఎంత కావాలో మాన్యువల్‌లో ఉంటుంది. అక్కడ కొత్త వాల్వ్ కొంటే డబ్బు దండగ, కావలసింది చిన్న ప్రెషర్ పంపు. ప్రెషర్ బాగుండి కూడా నీళ్లు రాకపోతే అప్పుడు మల్టీమీటర్ తీయండి. ప్లగ్ తీసి, వాల్వ్ వైర్లు ఊడదీసి రెండు కొసల మధ్య చూస్తే 230 వోల్టుల కాయిల్ సుమారు మూడున్నర నుంచి ఐదు కిలో ఓమ్స్ చూపించాలి. ఏమీ చూపించకపోతే కాయిల్ కాలిపోయింది. లోకల్ వాల్వ్ నిస్సందేహంగా కొనొచ్చు. నీళ్లు బయటికొచ్చే గొట్టం నిటారుగా ఉందా, వంపు తిరిగి ఉందా అన్నదీ, స్క్రూ రంధ్రాల దూరమూ పాతదానితో కలిస్తే చాలు.

ఇక డ్రెయిన్ మోటారు. అనవసరంగా మార్చే భాగాల్లో దీన్నే ముందు చెప్పుకోవాలి, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. టాప్‌లోడ్‌లో ఇది రెండు పనులు చేస్తుంది. ఒక తీగను లాగి అడుగున ఉన్న డ్రెయిన్ వాల్వ్ రబ్బరును తెరుస్తుంది. అదే లాగుడుతో క్లచ్ లీవర్‌ని ఉతుకు స్థానం నుంచి స్పిన్ స్థానానికి మారుస్తుంది. అందుకే మోటారు నిజంగా పోతే నీళ్లూ పోవు, స్పిన్నూ తిరగదు. నీళ్లు చక్కగా పోయి స్పిన్ మాత్రం రాకపోతే మోటారు మంచిదే, బెల్టో క్లచ్చో కెపాసిటరో మూత స్విచ్చో చూడాలి. నీళ్లు పోకుండా ఆగితే స్పిన్ దశ మొదలవగానే చెవి పెట్టి వినండి. కొన్ని సెకన్లు సన్నగా గుర్రుమన్న చప్పుడు, వెనకే తీగ లాగిన టక్కు వినిపిస్తే మోటారు పనిచేస్తోంది. అడ్డం వేరే చోట ఉంది. పంపు లేని మోడల్‌లో అవుట్‌లెట్ పైపుని యుటిలిటీ గోడకి ఎత్తి కట్టారేమో చూడండి. ఆ నీళ్లు పల్లానికే పోతాయి, పైపు నేల మీదే పరచాలి.

ఇంకో రకం ఇబ్బంది దీనికి తలకిందులుగా ఉంటుంది. నీళ్లు ఎంతసేపు పట్టినా టబ్ నిండదు, ఐఈ వస్తుంది, ఇన్‌లెట్ వాల్వ్ మార్చినా అదే తంతు. ఒకసారి అవుట్‌లెట్ పైపు కొస చూడండి, నిండుతున్నప్పుడే సన్నటి ధార పోతుంటుంది. డ్రెయిన్ వాల్వ్ రబ్బరు కింద ఏదో ఇరుక్కుంది: తలపిన్ను, జాకెట్ హుక్కు, నాణెం, షర్టు బొత్తాం. ప్లగ్, కుళాయి తీసేసి, ఇద్దరు పట్టుకుని మెషీన్‌ని వెనక్కి గోడకి వాల్చండి. కింద వాల్వ్ గూడు మూత ఉంటుంది, ఎక్కువ మోడళ్లలో పావు చుట్టు తిప్పితే ఊడుతుంది. లోపలి స్ప్రింగు, ముడతల రబ్బరు బయటికి తీసి చెత్త తుడిచి, రబ్బరు అంచు చిరిగిందేమో వేలితో చుట్టూ తడిమి చూడండి. బాగుంటే అదే పెట్టండి. చిరిగితే రబ్బరు విడిగానే దొరుకుతుంది, మోటారు కన్నా చాలా చవక.

మోటారే పోయిందని తేలితే, లోకల్ సరుకులో జాగ్రత్త అవసరం. పాతదాని లేబుల్ ఫోటో తీసుకెళ్లండి. ఏసీనా డీసీనా, వోల్టేజీ ఎంత, తీగ ఒకే విడతలో లాగుతుందా రెండు విడతల్లోనా, చివర కొక్కెం ఆకారం, ఈ నాలుగూ సరిపోవాలి. తీగ ఐదారు మిల్లీమీటర్లు తక్కువ లాగినా క్లచ్ సగమే విడిపోయి, స్పిన్‌లో కీచుమంటూ అరుగుతుంది. ఒకటైనా తేడా ఉంటే కంపెనీ పార్టే కొనండి.

సస్పెన్షన్ రాడ్లకి, అంటే టబ్‌ని వేలాడదీసే నాలుగు కడ్డీలకి, మాత్రం మా ఓటు ఒరిజినల్‌కే. స్పిన్‌లో టబ్ బాడీకి దడదడా కొట్టుకుంటుంటే ముందు మెషీన్ మట్టంగా ఉందో లేదో చూడండి. నాలుగు కాళ్లూ నేలకి ఆనాలి, కాలి నట్ బిగించి ఉండాలి. చక్రాల స్టాండ్ మీద పెట్టి ఉంటే దాన్ని తీసేసి ఒకసారి నడపండి, సగం కేసుల్లో చప్పుడు అక్కడే తగ్గుతుంది. ఆ స్టాండ్లు ఫ్రిజ్‌కి పనికొస్తాయి, నిమిషానికి 700 చుట్లు తిరిగే టబ్‌కి కాదు. ఆ తర్వాత ఖాళీ టబ్‌ని చేత్తో కిందకి నొక్కి వదలండి. ఒక్కసారి పైకి లేచి నిలబడితే రాడ్లు బాగున్నట్టే. ఊయలలా రెండు మూడు సార్లు ఊగితే, రాడ్ కింది గిన్నెలో గ్రీజు ఎండిపోయింది లేదా ప్లాస్టిక్ అరిగింది. నాలుగూ ఒకేసారి మార్చాలి. కొన్ని మోడళ్లలో ముందువీ వెనకవీ వేరు, స్ప్రింగు మీద రంగు గుర్తు ఉంటుంది. తారుమారైతే టబ్ ఒక పక్కకి ఒరిగి కొత్త రాడ్లతోనే యూఈ (బరువు సమంగా లేదనే ఎర్రర్) చూపిస్తుంది. లోకల్ రాడ్లలో స్ప్రింగు గట్టిదనం నాలుగింటికీ ఒకేలా ఉండదు.

కెపాసిటర్ బెంగళూరు ఎలక్ట్రికల్ సరుకుల బజారైన ఎస్పీ రోడ్డులో కళ్లు మూసుకుని కొనొచ్చు. టబ్ తిప్పే ప్రధాన మోటారు హుమ్మని మూలుగుతూ తిరగకపోతే దాని మీదే మొదటి అనుమానం. మైక్రోఫారడ్ విలువ పాతదాని మీద ఉన్నదే ఉండాలి, వోల్టేజీ తగ్గకూడదు, ఎక్కువైనా పరవాలేదు. ముట్టుకునే ముందు కొసల మధ్య పాత ఫిలమెంటు బల్బు తాకించి డిశ్చార్జ్ చేయండి.

డీస్కేలింగ్ పొడి మీద ఆశలు కొంచెం తగ్గించుకోవాలి. వంద గ్రాముల పాకెట్టు అరవై లీటర్లలో వేస్తే లీటరుకి రెండు గ్రాములు కూడా పడదు. బోరు నీళ్ల ఇంట్లో నిమ్మ ఉప్పు పావుకిలో, గీజర్ వేడినీళ్లు, పూర్తి నీటి మట్టం, గంటసేపు నానబెట్టడం, ఇవి చేస్తే తెల్లటి గార కరుగుతుంది. గంట దాటొద్దు, టబ్ అడుగున అల్యూమినియం ఉంటుంది. బట్టలకి అంటుకునే నల్లటి పెచ్చులు మాత్రం గార కాదు, సబ్బు, కంఫర్ట్ లాంటి సాఫ్ట్‌నర్ల జిడ్డు మీద పెరిగిన బూజు. దానికి ఆమ్లం పనిచేయదు, వేడినీళ్లలో ఆక్సిజన్ బ్లీచ్ కావాలి. ఒకదాని తర్వాత ఒకటి వేరే రోజున, మధ్యలో ఒకసారి ఉత్త నీళ్లతో నడిపి చేయండి. మామూలు బ్లీచ్‌ని మాత్రం నిమ్మ ఉప్పుతో ఎన్నడూ కలపొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది.

చాలామంది మర్చిపోయే స్పేర్ ఒకటుంది: అడుగున బిగించే ఎలుకల జాలీ. యుటిలిటీ బాల్కనీలో పెట్టిన మెషీన్‌కి కింద తెరిచి ఉంటే ఎలుక దూరి వైర్లు కొరుకుతుంది. ఇది వందల్లో దొరుకుతుంది, కొరికిన వైరింగ్‌తో పీసీబీ (మెషీన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు) పోతే ఖర్చు వేలల్లోకి వెళ్తుంది.

గేర్‌బాక్స్, అంటే క్లచ్ అసెంబ్లీ, ఇంట్లో మార్చే భాగం కాదు. స్పిన్‌లో విమానం లేచినట్టు చప్పుడు, టబ్ కింద తుప్పు నీటి చారలు, బెల్ట్ మీద నూనె మరకలు కనిపిస్తే అదే. మెకానిక్‌ని పిలిచినప్పుడు బేరింగ్ ఒక్కటే వేస్తానంటే ఒప్పుకోకండి. బేరింగ్‌ని చెడగొట్టింది పైనున్న వాటర్ సీల్ లీకైన నీళ్లే. సీల్, బేరింగ్ కలిపి మార్చమనండి, పాత సీల్ తీసి చూపించమనండి.