నాటుకోళ్లకు ఇనుప గూడు: చేయించుకునే ముందు చూడవలసినవి

మండల కేంద్రంలోని ఒక వెల్డింగ్ షాపులో చేయించిన ఈ ఇనుప గూడు 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుతో, నేలకు 2 అడుగుల ఎత్తున కాళ్లపై నిలుస్తుంది. రాత్రిపూట ముంగిస, జంగుపిల్లి, కుక్కల బారినుంచి కోళ్లను కాపాడటంలో వెదురు గంప దీనికి సాటిరాదు. పక్కలకు బిగించింది సన్నతీగ అల్లిక జాలీ కాదు, తీగలు కలిసేచోటల్లా అతికిన, అర అంగుళం కన్నులున్న వెల్డ్ మెష్. కుక్క పళ్లతో పట్టి లాగినా అతుకు ఊడలేదు. పనితనంలో లోపమల్లా తలుపు దగ్గరే ఉంది. తలుపు కింద వదిలిన ఖాళీలో తల పడితే చాలు, ముంగిస ఒళ్లంతా దూర్చేస్తుంది కాబట్టి, అక్కడ ఇనుప పట్టీ వేయించాకే గూడు ఇంటికి తెచ్చుకోవాలి.

నాకు అన్నిటికంటే నచ్చింది జాలీ అడుగు. రెట్ట ఎప్పటికప్పుడు కిందనున్న రేకు పళ్లెంలో పడిపోవడం వల్ల కోళ్లు రాత్రంతా దానిమీదే కూర్చోవలసిన అవసరం ఉండదు; రక్తపారుడుకు, నులిపురుగులకు దారితీసేది ఆ తడిరెట్టే. పగలు వెదురు సందుల్లో దాగి రాత్రి రక్తం పీల్చే పిడుదులకు ఇనుములో చోటు తక్కువ. ఉన్నా, కోళ్లను బయటికి వదిలాక బ్లోల్యాంపు మంటతో అంచులన్నీ కాల్చవచ్చు.

ఇందులో 40 కోళ్లు పడతాయని షాపువారు చెబుతారు గానీ, ఎదిగిన కోడికి కనీసం చదరపు అడుగు చొప్పున లెక్కవేసి 20కి మించకుండా ఉంచడమే మంచిది. కప్పు రేకు వేసవిలో కాగిపోతుంది కనుక పైన తాటాకు పరిచి, గూటిని చెట్టు నీడన పెట్టాలి.

ఎంత మంచి గూడైనా వైరస్ వల్ల వచ్చే కొక్కెర తెగులును ఆపలేదు. అది సోకాక నయంచేసే మందూ లేదు. టీకాలకు మాత్రం ఈ గూడు చాలా సాయపడుతుంది. 5 నుంచి 7 రోజుల పిల్లలకు కంట్లోనో ముక్కులోనో లసోటా టీకా చుక్క వేయించి, 8వ వారంలో రెక్క దగ్గర చర్మం కిందికి ఆర్‌టుబి టీకా సూది వేయించాలి. ఐసు మీద తెచ్చిన ఆ టీకాను కలిపాక గంట, రెండు గంటల్లోపే వాడేయాలి. పెరట్లో కోళ్ల వెంట పరుగెత్తుతూ కూర్చుంటే ఆ సమయం కాస్తా గడిచిపోతుంది. తెల్లవారుజామున తలుపు తీయకముందే పశువైద్య సిబ్బందిని పిలిపిస్తే, ఒక్కొక్క కోడినీ చేతికందించి, ఏదీ తప్పిపోకుండా మంద మొత్తానికీ వేయించవచ్చు.