నాటక సమాజమా, నాటక విద్యాలయమా?

నెల్లూరు కుర్రవాడు నటన నేర్వదలిస్తే ఊళ్లోని పద్యనాటక సమాజంలో చేరడం ఒక దారి. 1959లో స్థాపించిన ఢిల్లీ జాతీయ నాటక విద్యాలయంలో మూడేళ్ల కోర్సుకు ప్రయత్నించడం మరొకటి. సమాజంలో చదువు హార్మోనియం పక్కనే మొదలవుతుంది: శ్రుతి నిలిపి, పద్యపాదం విరిచే చోట అర్థం చెడకుండా, రాగాలాపన ఎంత సాగినా ముఖంలో పాత్ర చెదరకుండా పద్యం పాడడం నెలల తరబడి సాధన చేస్తేగాని పట్టుబడదు. ఊళ్లోని పురమందిరం (టౌన్‌హాలు) వంటి వేదికపై వన్స్‌మోర్ పడి, పద్యం మళ్లీ పాడవలసి వచ్చినప్పుడు, పాత్ర కోపం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే తిరిగి అందుకోవడం ఏ తరగతి గదీ నేర్పలేని విద్య. అయితే అక్కడ అలవడిన సాగదీత కెమెరా ముందు అతిగా కనిపిస్తుంది. మేకప్పుకు, దుస్తులకు తరచు నటుడే డబ్బు పెట్టుకోవలసి వస్తుంది (ఈ మాట ఇంట్లో ముందే చెప్పడం మేలు). విద్యాలయంలో శరీర కదలిక, ఉచ్చారణ, రంగాలంకరణ, లైటింగ్ అన్నీ క్రమపద్ధతిలో నేర్పుతారు; కాని సీట్లు తక్కువ, బోధన తెలుగులో ఉండదు, డిగ్రీతోపాటు నాటకానుభవమూ అడుగుతారు. ఆ అనుభవం కోసమైనా ముందు సమాజంలో రెండు మూడేళ్లు గడపడమే సబబని నా అభిప్రాయం. అంత దూరం వెళ్లలేనివారు విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ రంగస్థల కళల శాఖలోనూ విచారించవచ్చు.