డిజేబుల్డ్ ట్యాక్స్ క్లాస్: పని సులువే, తగువంతా కారు తాళం దగ్గరే

యూకేలో పీఐపీ (వికలాంగులకి ప్రభుత్వం ఇచ్చే భత్యం)లో నడక ఇబ్బందులకిచ్చే మొబిలిటీ భాగం ఎన్‌హాన్స్‌డ్, అంటే ఎక్కువ, రేటులో వచ్చేవాళ్లు ఒక కారుకి రోడ్ ట్యాక్స్ కట్టక్కర్లేదు. స్కాట్లాండ్‌లో అడల్ట్ డిజబిలిటీ పేమెంట్ అదే రేటులో వచ్చేవాళ్లకీ ఇంతే. ఇది తెలియక ఏళ్ల తరబడి కడుతున్నవాళ్లు నాకు తెలిసిన కుటుంబాల్లోనే ఉన్నారు. నాకు కీళ్లవాతం. బస్టాప్ దాకా కూడా నడవలేను. మా చిన్న ఆటోమేటిక్ కారు నా పేరు మీదే ఉంది కాబట్టి దాన్ని ఈ పన్ను లేని ‘డిజేబుల్డ్’ క్లాస్‌లోకి మార్పించుకున్నాను.

పోస్టాఫీసులో జరిగింది ముందు చెప్తాను. అన్ని పోస్టాఫీసుల్లోనూ ఈ పని చేయరు, వెహికల్ ట్యాక్స్ చూసే బ్రాంచికే వెళ్లాలి. లాగ్‌బుక్ (కారు రిజిస్ట్రేషన్ కాగితం), పీఐపీ వస్తున్నట్టు ఆ భత్యం ఇచ్చే ప్రభుత్వ శాఖ డీడబ్ల్యూపీ ఇచ్చిన లెటర్, కారు తనిఖీ జరిగినట్టు చూపే ఎంఓటీ కాగితం పట్టుకెళ్లాను. కౌంటర్‌లో ఉన్నావిడ లెటర్లో ‘ఎన్‌హాన్స్‌డ్’ అన్న మాట మీద వేలు పెట్టి చదివింది. లాగ్‌బుక్‌లో పేరు, లెటర్లో పేరు అక్షరం అక్షరం సరిచూసింది. నేను గోడకి ఆనుకుని నిలబడటం గమనించి, అడక్కుండానే లోపల్నుంచి కుర్చీ తెప్పించింది. తర్వాత వాహనాల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్ఏ నుంచి కొత్త లాగ్‌బుక్ పోస్టులో వచ్చింది, ట్యాక్సేషన్ క్లాస్ దగ్గర ‘డిజేబుల్డ్’ అని మారి ఉంది. రూపాయి ఖర్చు లేదు, అనుమానపు చూపు లేదు. కట్టేది సున్నా అయినా ఏటా రెన్యూ చేయాలి. సున్నాయే కదా అని వదిలేస్తే అది ట్యాక్స్ లేని కారే.

అసలు సంగతి ఆ తర్వాత మొదలైంది. మా మరిది కారు గ్యారేజీలో పడింది. "వదినా, మీ కారు వాకిట్లో ఊరికే ఉంది కదా, వారం రోజులు ఇవ్వండి, ఆఫీసుకి వెళ్లొస్తాను" అన్నాడు. మంచివాడు, నాకు ఎన్నోసార్లు అండగా నిలబడ్డవాడు. అయినా ఇవ్వలేదు.

ఎందుకంటే 1994 నాటి వాహన పన్ను చట్టం ఈ మినహాయింపుకి పెట్టిన షరతే అది. కారుని వికలాంగులు వాడాలి, లేదా వాళ్ల అవసరాల కోసం వాడాలి. తోలేది ఎవరైనా కావచ్చు, పని మాత్రం నాది అయి ఉండాలి. మా అబ్బాయి ఒక్కడే వెళ్లి నా మందులు తెచ్చినా, ఇంటికి సరుకులు తెచ్చినా తప్పు లేదు, నేను కార్లో లేకపోయినా సరే. మరిది ఆఫీసు నా పని కాదు.

మనవాళ్లు బ్లూ బ్యాడ్జ్‌నీ, అంటే వికలాంగుల పార్కింగ్ కార్డునీ, ఈ పన్ను మినహాయింపునీ కలిపేసుకుంటారు. బ్యాడ్జ్ సంగతి వేరు. మందుల కోసమే వెళ్లినా, నేను ఆ ప్రయాణంలో లేకపోతే మా అబ్బాయి బ్యాడ్జ్ పెట్టి పార్క్ చేయకూడదు. దుర్వినియోగానికి 1,000 పౌండ్ల దాకా జరిమానా ఉంది.

ఇంట్లో వచ్చే చిన్న చిన్న సందేహాలకి నా లెక్క ఇదీ. నన్ను ఆసుపత్రిలో దింపి మా అబ్బాయి అదే కార్లో జిమ్‌కి వెళ్తానంటే ఒప్పుకోను. సరుకులకి వెళ్లి దార్లో వాడి పార్సిల్ తీసుకొస్తే పట్టించుకోను. ఇంత గట్టిగా ఎందుకంటారా? హుషారుగా నడిచే కుర్రాడు రోజూ ఆ కార్లోంచి దిగుతుంటే, పక్కింటివాళ్లు అనుమానించేది నన్ను. నిజంగా నడవలేని మరో మనిషి రేపు అప్లికేషన్ పెట్టుకుంటే ఆ అనుమానమే వాళ్లకీ తగులుతుంది. ఆ పాపంలో నాకు భాగం వద్దు.

ఇన్సూరెన్స్ ఇంకో ముడి. "నా పాలసీలో వేరే కార్లు నడపొచ్చని ఉంది వదినా" అన్నాడు మరిది. అందరి పాలసీల్లోనూ అది ఉండదు. ఉన్నా సాధారణంగా థర్డ్ పార్టీ వరకే. మా కారు గుద్దుకుంటే మా రిపేరు మేమే పెట్టుకోవాలి. అసలు ఇన్సూరెన్సే లేకుండా పట్టుబడితే 300 పౌండ్లు, లైసెన్సు మీద 6 పాయింట్లు. నా కోసం తోలేవాళ్లయినా సరే, పాలసీలో పేరు చేర్పించాకే తాళం ఇస్తాను.

అత్తగారు ఫోన్‌లో "సొంత మరిదికే కారు లేదంటివా?" అని నిష్ఠూరమాడారు. కోపం తెచ్చుకోకుండా మొత్తం వివరించాను. మరిది అద్దె కారు తీసుకున్నాడు, పండక్కి మామూలుగానే వచ్చాడు.

మీ ఇంట్లో ఒకే కారు ఉండి, దాన్ని అందరూ తమ పనులకి వాడక తప్పదంటే మినహాయింపు వదులుకుని మామూలు క్లాస్‌లోకి మార్చుకోండి. 2025-26లో రోడ్ ట్యాక్స్ స్టాండర్డ్ రేటు ఏడాదికి 195 పౌండ్లు ఉండేది, నెలనెలా డైరెక్ట్ డెబిట్ పెట్టుకుంటే 17 పౌండ్ల పైచిలుకు. ఇంటిల్లిపాదికీ స్వేచ్ఛ కావాలంటే అది పెద్ద మొత్తమేమీ కాదు.

సర్వీసుకి నా మార్కులు ఐదుకి ఐదు. మొబిలిటీ భాగం స్టాండర్డ్ రేటులో వచ్చేవాళ్లకి మాత్రం సగం తగ్గింపే. దానికి పోస్టాఫీసుకి వెళ్లి లాభం లేదు, కాగితాలు స్వాన్‌సీలోని డీవీఎల్ఏకి పోస్టులో పంపాలి.