పాత జీపుకు కొత్త స్టీరింగ్ షాఫ్ట్: వస్తువు మంచిదే, బిగింపే తంటా

2024 మేడారం జాతరకు ముందు వేయించిన షాఫ్ట్ ఇది, అంటే స్టీరింగ్ తిప్పుడును కింద చక్రాలను మలిపే స్టీరింగ్ బాక్స్‌కు అందించే కడ్డీ. ఇన్నాళ్లూ ములుగు, తాడ్వాయి దిక్కు తిప్పినంక రాస్తున్నా. స్టీరింగ్‌లో ప్లే, అంటే లూజు, పోయింది. ఇదివరకు ఇటు బెత్తెడు తిప్పినా ముందు చక్రాలకు కబురు అందేది కాదు.

నా ఒళ్లు మండింది వేరే దానికి. బిగించి ఇచ్చిన రోజే, హన్మకొండ చౌరస్తాలో బండి మలుపుతుంటే స్టీరింగ్ బిగుసుకుంది, వదులైంది, మళ్లీ బిగుసుకుంది. చుట్టుకు రెండుసార్లు, ప్రతిసారీ అదే చోట. మెకానిక్‌ను అడిగితే "కొత్త సామాన్ గట్లనే ఉంటది అన్నా, తిరగంగ తిరగంగ సాఫ్ అయితది" అన్నాడు. కొత్తదాని బిగువైతే చుట్టంతా ఒక్కతీరుగ ఉండాలె గదా! పైగా స్టీరింగ్ బాక్స్ విప్పుదామని మొదలుపెట్టాడు. ఇంకో బిల్లు కనబడి బండి తెచ్చేసుకున్నా.

ఆటోనగర్‌లో ఒక పెద్దాయన టార్చ్ కొట్టి చూసి, "ఈ రెండు యోకులు ఎటు చూస్తున్నయో చూడు బిడ్డా" అన్నాడు. యోకు అంటే షాఫ్ట్ కొసన జాయింట్‌ను పట్టుకునే రెండు కొమ్ముల పంగ. షాఫ్ట్ పై యోకు నిలువుగా, కింది యోకు అడ్డంగా ఉన్నాయి. యోకులో కూర్చునే క్రాస్ జాయింట్ (కూడిక గుర్తు ఆకారపు కీలు) వంపులో తిరిగితే వేగం సమంగా రాదు, చుట్టుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. రెండు యోకులూ ఒకే వరుసలో ఉంటే పైదాని తేడాను కిందిది సరిచేస్తుంది. అడ్డంగా ఉంటే తేడా ఇంకా పెరుగుతుంది. ఈ షాఫ్ట్ నడుమ పళ్లతో జారే రకం, ఊడదీస్తే ఎట్లయినా ఎక్కుతుంది. ఆయన విప్పి, వరుస కలిపి ఎక్కించి, బోల్టు గాడిలో కూర్చుందో లేదో వేలితో తడిమి మరీ బిగించాడు. ఆ పట్టు మళ్లీ రాలేదు.

ప్లే పోయిందన్నా గానీ మొత్తం పోలేదు. బాక్స్ అరుగుదల బాక్స్‌లోనే ఉంది, నేరుగా పోతుంటే కొంచెం తెలుస్తుంది. పాతదానికి రబ్బరు కప్లింగ్ ఉండేది. ఇది ఇనుముకు ఇనుము, గుంతల దెబ్బ సీదా మణికట్టుకు వస్తుంది. వానకాలంలో కింది క్రాస్ కిర్రుమంటే గ్రీసు కొట్టాల్సిందే. గ్రీసు ఎక్కించే నిప్పుల్ ఉన్నది కొన్నందుకు అక్కడ బతికిపోయా.

నా జీపు ఆదివారాలు తీసే బండి, మెల్లగా పోతుంది. రోజూ ఏటూరునాగారం దాకా కిరాయికి తిప్పేవాళ్ల లెక్క వేరు. కొనేముందు ఇంకొకరిని స్టీరింగ్ అటూ ఇటూ ఆడించమని, మీరు జాయింట్ మీద చెయ్యి పెట్టి చూడండి. లూజు అక్కడ తగలకపోతే షాఫ్ట్‌కు పైసలు పెట్టొద్దు.