చాక్‌కూ చీజ్‌కూ, నూనెకూ నీళ్లకూ తేడా నేర్పిన తరగతి: హనుమకొండలో స్పోకెన్ ఇంగ్లీషు కోర్సు

పరకాల దగ్గరి ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను సాంఘికశాస్త్రం బోధిస్తాను. 2022-23 విద్యాసంవత్సరంలో మన సర్కారు బడుల్లో 1 నుంచి 8వ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం మొదలైన నాటి నుంచి, పాఠం తెలిసి కూడా మాట తడబడే ఇబ్బంది నన్ను వదలలేదు. అందుకే ఈ వేసవి సెలవుల్లో హనుమకొండ చౌరస్తాకు దగ్గరలో ఉన్న ఒక స్పోకెన్ ఇంగ్లీషు కేంద్రంలో 45 రోజుల కోర్సులో చేరాను. ఫీజు 4,500 రూపాయలు, తరగతి రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర వరకు. కేంద్రం పేరు రాయడం లేదు కానీ, ఇలాంటి తరగతుల్లో చేరేముందు ఏం చూసుకోవాలో తెలియడానికి ఈ అనుభవం పనికివస్తుందని నమ్ముతున్నాను.

ముందుగా పుస్తకం సంగతి. చేరిన రోజునే చేతికిచ్చే ఆ పుస్తకంలో ఇంగ్లీషు నుడికారాలు వరుసగా అచ్చువేసి, ఒక్కోదాని ఎదురుగా ఒక్కో తెలుగు మాట పెట్టారు. 'లైక్ చాక్ అండ్ చీజ్' ఎదురుగా 'ఉప్పూ నిప్పూ' అని ఉంది. నాలుగు వరుసల కింద 'లైక్ ఆయిల్ అండ్ వాటర్' ఎదురుగా కూడా అదే 'ఉప్పూ నిప్పూ' ఉంది. వాక్యంలో ఎలా వాడాలో చూపే ఉదాహరణ ఒక్కటీ లేదు. రెండూ ఒకటేనని నమ్మి నేను బట్టీపట్టాను.

మూడో వారంలో ఇంట్లోవాళ్ల గురించి మాట్లాడమన్నప్పుడు, మా అక్క గలగలా మాట్లాడే మనిషి, నేను మాట పొదుపు మనిషిని అని చెప్పాలనుకుని, 'మై సిస్టర్ అండ్ ఐ ఆర్ లైక్ ఆయిల్ అండ్ వాటర్' అన్నాను. సార్ ఒక్క క్షణం ఆగి, "మీకూ మీ అక్కయ్యకూ మాటలు లేవా మేడమ్?" అని మెల్లగా అడిగారు. నాకు గుండె కలుక్కుమంది. రెండేళ్లకోసారి మేడారం జాతరకు బంగారం (అమ్మవార్లకు ఇచ్చే బెల్లం) మూట ఎత్తుకుని మేమిద్దరం కలిసే వెళ్తాం. ఆదివారం వస్తే అక్క ఫోను రాకుండా నాకు పొద్దు గడవదు. ఇరవై మంది ఎదుట నేను చెప్పిన వాక్యానికి మాత్రం మా ఇద్దరికీ పొసగదన్న అర్థమే వచ్చింది.

మరుసటి రోజు సార్ ఇంటి నుంచి ఒక గాజు గ్లాసు, చిన్న సీసాలో పల్లినూనె తెచ్చారు. నీళ్లలో రెండు చెంచాల నూనె పోసి, అందరూ చూస్తుండగా గట్టిగా తిప్పారు. నూనె సన్నని బొట్లుగా విడిపోయి కలిసినట్టే కనిపించింది, కానీ చెంచా తీసిన కాసేపటికే ఒక్కో బొట్టు పైకి చేరి, మళ్లీ పసుపు పొరగా నిలిచింది. మిల్లీలీటరు నూనె బరువు సుమారు 0.92 గ్రాములు, అంటే నీటికన్నా తేలిక కాబట్టి పైకి తేలుతుందనీ, తేలిక కావడం ఒక్కటే కాక రెండింటి అణువులకు ఒకదానితో ఒకటి పొత్తు కుదరదు కాబట్టి విడిపోతుందనీ వివరించి, "తిప్పి చూసినా కలవనివాళ్ల గురించే ఈ మాట వాడాలి" అన్నారు. ఒకే గదిలో కూర్చోబెట్టినా, ఒకే పని అప్పగించినా కుదరని ఇద్దరి గురించి 'దే హావ్ ఆల్వేస్ బీన్ లైక్ ఆయిల్ అండ్ వాటర్' అనాలని ఆ గ్లాసు చూశాక నాకు మళ్లీ చెప్పనక్కరలేకపోయింది.

చాక్, చీజ్‌ల మాట అది కాదు. అది బ్రిటిష్ ఇంగ్లీషులో పాతుకుపోయిన మాట. 1390 ప్రాంతంలో జాన్ గోవర్ అనే ఆంగ్ల కవి రాసిన కావ్యంలోనే, సుద్దను చీజ్ అని నమ్మబలికేవారి ప్రస్తావన ఉంది. పైకి తెల్లగా ఒకేలా కనిపించినా లోపల పూర్తిగా వేరైన రెండింటి గురించి చెప్పే మాట ఇది; ఇందులో పగ లేదు, పేచీ లేదు. ఒకే తల్లి బిడ్డలై, ప్రాణంగా మెలిగే అక్కాచెల్లెళ్లు కూడా చాక్ అండ్ చీజ్ కావచ్చు. నేను ఆ రోజు అనవలసింది 'మై సిస్టర్ అండ్ ఐ ఆర్ లైక్ చాక్ అండ్ చీజ్' అని. రోజంతా సుద్దముక్క చేతిలో పట్టుకునే నాకు ఈ మాట ఇంత ఆలస్యంగా తెలియడం బాధ కలిగించింది.

ఆ తరగతిలో సరిదిద్దిన తప్పులు కూడా చెప్పుకోదగినవి. తెలుగులో 'కలవరు' అని వ్యతిరేకార్థంలో ఆలోచిస్తాం కాబట్టి, మాలో చాలామంది 'దే ఆర్ నాట్ లైక్ ఆయిల్ అండ్ వాటర్' అని రాశారు. ఆ 'నాట్' చేరగానే ఇద్దరికీ బాగా కుదురుతుందన్న అర్థం వస్తుంది. ఒక అబ్బాయి 'హీ ఈజ్ లైక్ చాక్ అండ్ చీజ్' అన్నాడు. మనిషి ఒక్కడే అయినప్పుడు పోలిక ఎవరితో? ఇద్దరినీ కర్తలుగా పెట్టాలి, చాక్, చీజ్‌లకు బహువచనం చేర్చకూడదు, వరుస మార్చకూడదు. 'యాపిల్స్ అండ్ ఆరెంజెస్' అన్నది మూడో దారి: పోల్చకూడని రెండింటిని పోల్చినప్పుడే అది వాడాలి.

తెలుగు మాటల విషయంలో నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. ఆయిల్ అండ్ వాటర్‌కు 'ఉప్పూ నిప్పూ' కొంతవరకు సరిపోతుంది, అయితే మన మాటలో చిటపట ఎక్కువ. 'పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది' అంటే మరీ వేడి. చాక్ అండ్ చీజ్‌కు 'ఒకరు తూర్పు, ఒకరు పడమర' దగ్గరగా వస్తుంది. 'నక్కకూ నాగలోకానికీ' అంటే ఒకరిని తక్కువ చేసినట్టవుతుంది కాబట్టి అది తగదు. పుస్తకం రాసినవారు ఈ మాత్రం శ్రద్ధ పెట్టి ఉండవలసింది.

మిగతా విషయాలకొస్తే, గది శుభ్రంగా ఉంది, వేళ తప్పలేదు. బ్యాచ్‌లో 38 మందిని చేర్చుకోవడం వల్ల ఒక్కొక్కరికి రోజుకు రెండు నిమిషాలైనా మాట్లాడే వీలు చిక్కలేదు. హాజరు తగ్గిన రోజుల్లోనే నాలుగు మాటలు నోటికి వచ్చాయి. పుస్తకంలోని తప్పు గురించి కౌంటర్‌లో చెప్పినప్పుడు, అది బయట నుంచి అచ్చై వస్తుందన్న జవాబు తప్ప, తప్పొప్పుల కాగితం ఒకటి జతచేస్తామన్న మాట రాలేదు. 4,500 రూపాయలు తీసుకునేవారికి ఇది పెద్ద పని కాదు.

సార్ బోధనకు ఐదుకు ఐదు, పుస్తకానికి ఒకటి, మొత్తం కోర్సుకు మూడున్నర ఇస్తాను. చేరదలచినవారు ఏ సార్ చెబుతారో, బ్యాచ్‌లో ఎంతమంది ఉంటారో ముందే అడిగి, ఒక డెమో తరగతిలో కూర్చున్నాకే డబ్బు కట్టండి. ఇరవై మందికి మించని బ్యాచ్ పెడితే రెండో స్థాయిలో నేనూ చేరతానని, ఈసారి మా అక్కను కూడా తీసుకువస్తానని చెప్పి వచ్చాను.